చిన్నోడి కాలూ నా ఊపిరీ

నాకు నెమ్ము చేసిందని మొట్టమొదట కనిపెట్టింది పశువుల డాక్టరు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వుకోండి. నాకు మాత్రం ఏడాది కావస్తున్నా నవ్వు రావడం లేదు. ఆయనేమీ నా కోసం రాలేదు. కోటయ్య బాబాయి గారి ఎద్దుకు గిట్ట చీలిందని జీపు మాట్లాడి మరీ పిలిపించారు. ఎద్దుకు కట్టుకట్టి చేతులు కడుక్కుంటుంటే, కుడితి తొట్టి పక్కన గోడకు ఆనుకుని రొప్పుతున్న నేను ఆయన కంట్లో పడ్డాను. పడకపోతే ఈ సంగతులు రాయడానికి ఉండేవాణ్ణో లేదో చెప్పలేను.

నా పేరు మస్తాన్ వలి. మాది రాజుపాలెం పక్క ఊరు. ఆయిలింజన్లు రిపేరు చేస్తాను. అది తిండి పెట్టే పని. నాకు పేరు తెచ్చిన పని ఇంకొకటుంది. బండలాగుడు పోటీల్లో ఎడ్లు తోలతాను. తోలడమంటే బండెక్కి కూర్చుని తోలడం కాదు. జతను పెద్ద రాతిబండకు కడతారు. బరిలో ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు, ఈల మోగేదాకా ఎడ్లు దాన్ని ఈడ్చాలి. వాటి పక్కనే చెర్నాకోల పట్టుకుని, కేకలేస్తూ, వాటితో సమానంగా మనిషి పరిగెత్తాలి. ఎడ్లకు నాలుగు కాళ్ళు, మనిషికి రెండు. పైగా ఎడ్లు కేకలెయ్యక్కర్లేదు.

ఇదొక పనా అని అడిగినవాళ్ళున్నారు. నాకైతే అదే పని. ఇంజను షెడ్డులో నన్నెవరూ రెండోసారి చూడరు. బరిలో దిగితే జనం గోడలెక్కి చూస్తారు. పరుగు తీసేస్తే మస్తాన్ అనేవాడు చేతికి గ్రీజు అంటిన మరో మనిషి, అంతే. అందుకే పోయిన చలికాలం మంచాన పడ్డప్పుడు నేను చావుకు భయపడ్డది తక్కువ. మళ్ళీ పరిగెత్తలేనేమో, నా జాగాలో ఇంకెవరో నిలబడిపోతారేమో అని భయపడ్డదే ఎక్కువ.

కోటయ్య బాబాయి పత్తీ మిరపా వేసే పెద్ద రైతు. పంచాయతీలో మెంబరు. మాకు చుట్టం కాదు, ఆయన కులం వేరు, మా మతం వేరు, కానీ పుట్టినప్పటి నుంచీ బాబాయనే పిలుస్తాను. ఆయన ఎడ్లకు పెద్దోడు, చిన్నోడు అని పేర్లు. కన్నకొడుకులకు కూడా అంత ముద్దుగా పేరు పెట్టలేదు. వాటికి పొద్దున ఉడకబెట్టిన ఉలవలు, మధ్యాహ్నం తవుడూ పత్తిగింజలూ, సాయంత్రం కోడిగుడ్లు, పోటీలు దగ్గర పడితే నెయ్యి. చొప్పలో పుల్ల ఒకటి గట్టిగా ఉంటే ఇంట్లో ఆడవాళ్ళకు అక్షింతలు పడతాయి. తోలే మనిషికి ఏం పెడతారయ్యా అంటే, టీ. అది కూడా ఆయన తాగేటప్పుడు మనం ఎదురుగా ఉంటే.

ఎనభై అయిదు కార్తీకంలో మొదలైంది. పోటీల ఎడ్లకు ఒంట్లో దమ్ము పెరగాలని రోజూ పొద్దున్నే సాగరు కాలువలో ఈత కొట్టిస్తారు. ఆ వారమంతా ముసురు. కాలువ నీళ్ళు ఐసుగడ్డల్లా ఉన్నాయి. మెడలోతు నీళ్ళలో దిగి, తాడు పట్టుకుని, వాటితో పాటు నేనూ ఈదాను. గట్టెక్కాక బాబాయి మనుషులు ఎడ్లను ఎండుగడ్డితో ఒళ్ళంతా రుద్దారు. గోనెపట్టాలు కప్పారు. కొట్టంలో పిడకల పొగ పెట్టారు, చలి తగలకుండా. నేను తడిలుంగీ పిండుకుని, అదే కట్టుకుని షెడ్డుకు పోయాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ముందు పడిశం అన్నారు. తర్వాత దగ్గు. దగ్గితే కుడి డొక్కలో పొడిచినట్టుండేది. మా ఇంటామె జాన్ బీ నుదురు మీద చెయ్యేసి, "ఏందయ్యా, పెనం కాలినట్టు కాలతా ఉంది, ఇయ్యాల పోమాక," అంది. ఆ రోజే పక్క ఊళ్ళో చిన్న పోటీ. బాబాయి వాకిట్లోకి వచ్చి, "పడిశానికి ఎవడన్నా పడుకుంటాడంట్రా? మిరియాల కషాయం తాగి రా. నువ్వు కేకెయ్యకపోతే పెద్దోడు అడుగు తియ్యడు," అన్నాడు. అది నిజమే. పెద్దోడు నా గొంతుకు తప్ప కదలదు. ఆ మాటకు పొంగిపోయి వెళ్ళాను.

సగం పోటీలో కళ్ళు బైర్లు కమ్మాయి. కాళ్ళ కింద నేల పక్కకు జరిగినట్టయింది. పడ్డాను. నా మీదుగా పోకుండా చిన్నోడు పక్కకు తప్పుకుంది, ఆ తప్పుకోవడంలో దాని గిట్ట రాతికి కొట్టుకుని చీలింది. పోటీ ఆగిపోయింది. జనం పరిగెత్తుకొచ్చారు. ఎటు వచ్చారనుకున్నారు? ఎద్దు దగ్గరకు. నేను మట్టిలో బోర్లా పడి ఉంటే, "తాగొచ్చినట్టున్నాడు నా కొడుకు," అన్నాడొకడు నా తల మీదుగా దాటుకుంటూ. జన్మలో కల్లు ముంత ముట్టనివాణ్ణి. ఆ మాట అన్నవాడు ఎవడో నాకు తెలుసు, ఇవాళ్టికీ వాడి ఇంజను రిపేరుకొస్తే చెయ్యను.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చాడు. నేనెందుకు వెళ్ళానంటే, నా వల్ల దెబ్బ తగిలిన ఎద్దు, ఎట్టా ఉందో చూద్దామని. నలుగురు పట్టుకుంటే తప్ప నిలబడని చిన్నోడికి ఆయన ఓపిగ్గా కట్టుకట్టాడు. తర్వాత నా వైపు తిరిగి చూశాడు.

"నువ్వెవరయ్యా? ఎన్నాళ్ళ నుంచి ఈ రొప్పు?"

"పడిశం సార్," అన్నాను.

ఆయన నా చొక్కా పైకెత్తి, ఎద్దుకు పెట్టిన చెవిగొట్టమే తుడిచి నా వీపు మీద పెట్టాడు. "నేను మనుషులకు చూడకూడదు. ఈ మాట ఎక్కడా చెప్పొద్దు," అన్నాడు మెల్లగా. కాసేపు విని, బాబాయిని పిలిచాడు. "కోటయ్యగారూ, మీ ఎద్దుకేం భయం లేదు. ఇతన్ని మాత్రం ఇప్పుడే నరసరావుపేట తీసుకుపోండి. కుడివైపు ఊపిరి ఆడటం లేదు."

"అట్టాగే పంపిద్దాం సార్. ఇంతకీ ఎద్దుకు కుడితి మామూలుగా పెట్టొచ్చా?" అన్నాడు బాబాయి.

డాక్టరుగారు సంచీ సర్దుకున్నాడు. తన కోసం మాట్లాడిన జీపులోనే నన్ను ఎక్కించుకుని, దారిలో మా ఇంటి ముందు ఆపి జాన్ బీని వెనక కూర్చోబెట్టుకుని, పేటలో ఆసుపత్రి గేటు ముందు దింపిపోయాడు. ఆయన పేరు రాస్తే ఆయనకు ఇబ్బంది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆసుపత్రి వరండాలో ఆ పొద్దంతా కూర్చున్నాం. బల్లలు నిండిపోతే జనం నేల మీద, మెట్ల మీద, సైకిల్ స్టాండు కింద. నాకు పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే నడుం నిలవదు. జాన్ బీ తన వీపుకు నా వీపు ఆనించుకుని కూర్చుంది. లోపలికి పోయే తలుపు దగ్గర నిలబడ్డవాడు తెల్లచొక్కాలను ముందు పంపుతున్నాడు. మా ముందే ముగ్గుర్ని పంపాడు. జాన్ బీ లేచి, "మా ఆయన పొద్దున్నుంచీ కూర్చున్నాడు, ఆయనదీ పాణమే," అని గట్టిగా అరిచింది. అంతమందిలో ఆమె గొంతు పైకి లేవడం నేను అంతకుముందు వినలేదు. వాడు తల తిప్పుకున్నాడు. మా పక్కన కూర్చున్న మాచర్ల పెద్దావిడ మాత్రం తన వంతు వచ్చినప్పుడు లేవకుండా, "ఈ అబ్బాయిని పోనియ్యండి, నాది మోకాళ్ళ నొప్పి, రేపున్నా ఉంటది," అంది. మళ్ళీ ఆమెను చూడలేదు.

డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. "ఎడ్లతో పాటు పరిగెత్తడమా? ఎడ్లకు బుద్ధి లేదు సరే, నీకేమైంది?" అని పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వాడు. నాకు జ్వరంలో కూడా కోపం నషాళానికి అంటింది. నిక్కరూ బూట్లూ వేసుకుని మైదానం చుట్టూ ఊరికే పరిగెత్తేవాడికి కప్పులిస్తారు. బండ ఈడ్చే జతతో సమానంగా పరిగెత్తేవాడికి బుద్ధి లేదంట. అయితే వైద్యం బాగా చేశాడు, అది చెప్పకపోతే తప్పు. వీపులో సూది గుచ్చి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్ళు తీశాడు. ఆ నొప్పి గురించి రాయను. తీశాక ఊపిరి లోపలి దాకా పోయింది, అది మాత్రం రాస్తాను. ఎండాకాలంలో బావిలో దిగినంత హాయిగా ఉంది.

మార్గశిరం చాలావరకు ఆ వార్డులోనే గడిచింది. మా పాపను గురజాలలో అత్తగారింటికి పంపేశాం. జాన్ బీ మంచం కింద చాప వేసుకుని పడుకునేది. మొదటివారం ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. జ్వరం తగ్గిన రోజున మొదలుపెట్టింది.

"ఒకటే మాట చెప్తన్నా ఇనుకో. ఇంటికెళ్ళినాక ఆ ఎడ్ల పేరెత్తితే నేను పిల్ల దగ్గరికి పోతా. మళ్ళీ రాను."

"ఎడ్లేం చేశాయే? నీళ్ళలో దిగింది నేను."

"దించిందెవరు? నువ్వు పడ్డప్పుడు నీ మొహాన నీళ్ళు కొట్టింది ఎవరో తెలుసా? నేను. ఆ మూల నుంచి ఉరికొచ్చి. అప్పటిదాకా ఒక్కడు లేడు."

నాకు ఆ సంగతి తెలియదు. పోటీలకు ఆమె ఎప్పుడూ రాదనుకునేవాణ్ణి. జ్వరంతో పోయానని వెనకే వచ్చిందంట.

తర్వాత రెండు రోజులకు కోటయ్య బాబాయి వచ్చాడు. వస్తే సంతోషించాను, అబద్ధమెందుకు. చేతిలో సంచీ నిండా కోడిగుడ్లు. "ఎడ్లకు తెచ్చిన వాట్లోయి, మంచి నాటుయి," అన్నాడు. మంచం పక్కన కూర్చుని, పెద్దోడు చొప్ప ముట్టడం లేదనీ, సాంబయ్యను పెట్టినా వాడి కేకకు కదలడం లేదనీ చెప్పుకొచ్చాడు. సాంబయ్య పక్క ఊళ్ళో ఇంకో ఆసామి జతను తోలేవాడు. వాళ్ళ ఎద్దునొకదాన్ని చిన్నోడి జాగాలో పెద్దోడికి జత కట్టి, సంక్రాంతి పండగ పోటీల్లో దించాలని బాబాయి ఆలోచన. అంతా చెప్పి, తువ్వాలు కింద నుంచి నల్లటి పెట్టె ఒకటి తీశాడు. టేపురికార్డరు.

"నువ్వు లేవొద్దురా మస్తానూ. పడుకునే ఉండు. ఒక్క నాలుగు కేకలు వెయ్యి, ఇందులో పట్టుకుపోతా. పోటీలో సాంబయ్య దీన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తుతాడు."

జాన్ బీ లేచి నిలబడింది. "ఏంది మామయ్యా ఇది? ఆయనకు మాట్లాడితేనే ఆయాసం."

"మాట్లాడొద్దమ్మాయ్. కేకేస్తే చాలు."

ఆయన మొహంలో ఎగతాళి లేదు, చెడ్డబుద్ధి లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. నిజంగానే అది నాకు సులువైన పని అనుకున్నాడు. నేను కూడా, పెద్దోడు తినడం లేదంటే మనసాగక, దిండు మీద లేచి కేకేశాను. ఒక్క కేకకే దగ్గు తెర మొదలై ఆగలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి, ఎవరికేమైందని అడిగి, సంగతి తెలిసి, నన్నూ బాబాయినీ ఆ పెట్టెనూ కలిపి తిట్టింది. బాబాయి మీట నొక్కి ఆపడం మర్చిపోయాడు. తిట్లన్నీ అందులో పడ్డాయి.

ఆ టేపు పెడితే పెద్దోడు ఏం చేసిందో సాంబయ్యే తర్వాత నాకు చెప్పాడు. కేక వినగానే చెవులు నిక్కబొడుచుకుని, మెడ తిప్పి, నా కోసం చుట్టూ వెతికిందంట. కనపడకపోయేసరికి పెట్టెను మూతితో నెట్టి కింద పడేసింది. "నర్సు తిట్లకు మాత్రం అందరం కదిలాం," అన్నాడు సాంబయ్య. వాడు మంచివాడు. వాడి మీద నాకు కోపం లేదు.

పుష్యంలో ఇంటికొచ్చాను. ఇంటికి రావడమంటే జబ్బు నయమైందని అందరూ అనుకుంటారు. ఎవరూ నమ్మకండి. ఆసుపత్రిలో పడుకుని ఉంటాం కాబట్టి మన బలహీనత మనకు తెలియదు. ఇంట్లో బావి నుంచి బొక్కెన తోడబోతే తెలిసింది. సగం దాకా లాగి, తాడు జాన్ బీ చేతికిచ్చి, బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. బండలాగే జతతో పరిగెత్తినవాణ్ణి, నీళ్ళ బొక్కెన ఈడ్చలేకపోయాను.

డాక్టరు రోజూ బూరలు ఊదమన్నాడు, ఊపిరితిత్తి సాగాలని. జాన్ బీ పిల్లలాడుకునే రంగు బూరలు తెచ్చిపెట్టింది. మీసాలున్న మగవాడు అరుగు మీద కూర్చుని ఎర్రబూర ఊదుతుంటే దారినపోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏందిరా మస్తానూ, పుట్టినరోజా?" అని ఒకడు. "పరుగుతో గుండె పెద్దదైపోయిందంటగా," అని ఒకడు. "ఇంక పరుగు గిరుగు మానెయ్, ఆ ఇంజన్లు చూసుకో," అని అందరూ. జబ్బు మనిషి అరుగు మీద కూర్చుంటే ఊరంతా డాక్టర్లే. వాళ్ళల్లో ఒక్కడైనా ఒక గ్లాసు పాలు తెచ్చిన పాపాన పోలేదు.

పండగ పోటీల మైకు మా ఇంటి దాకా వినపడింది. పెద్దోడు సగంలో ఆగిపోయిందంట. నాకు లోపల సంతోషం కలిగింది. ఆ వెంటనే, అది ఆగినప్పుడు దాన్ని ఎన్ని దెబ్బలు కొట్టి ఉంటారో అని దుఃఖం వచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు.

ఈ లోపల చిన్నోడి కాలు నయమైంది. దాన్ని తిరిగి పనిలోకి ఎట్టా తేవాలో బాబాయి మా ఇంటి ముందు నిలబడే నలుగురికీ చెబుతున్నాడు. నేను అరుగు మీద ఉన్నాను, జాన్ బీ లోపల మిరపకాయల తొడిమలు తీస్తోంది. 

"పశువు పడకేసి లేచినాక తొందరపెట్టకూడదు," అంటున్నాడు. "ముందు కొన్నాళ్ళు గట్టు మీద ఊరికే నడిపించాల. ఆనక దుక్కిలో తిప్పాల. ఆనక ఖాళీ కాడి. ఆనక చిన్నబండ. మధ్యలో రొప్పిందా, మళ్ళీ మొదటికి రావాల. మేత అరుగుతుందో లేదో చూసుకోవాల. పశువు నోరులేనిది, మనమే కనిపెట్టాల."

ఆ నోటితోనే నాతో, "నువ్వు ఈ వారంలో వచ్చి కేకలన్నా వెయ్యి," అన్నాడు.

జాన్ బీ మిరపకాయల చేతులతోనే బయటికి వచ్చింది. "మామయ్యా, ఒక మాట. ఎవరన్నా మనిషిని సరిగ్గా చూడకపోతే గొడ్డును చూసినట్టు చూస్తన్నారంటారు. నాకు అంతకంటే ఎక్కువ ఆశ లేదు. మా ఆయన్ని గొడ్డును చూసినట్టే చూడండి. ఆ చిన్నోడికి ఏం చేస్తారో ఈయనకూ అదే చెయ్యండి. ముందు నడక. ఆనక దుక్కి. రొప్పితే మళ్ళీ మొదటికి. ఉలవలు ఉడికినప్పుడు ఒక గిన్నె ఇటు పంపండి."

నలుగురూ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నారు. బాబాయి మొహం నల్లబడింది. తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. ఇక మా ఇంటి గడప తొక్కడనుకున్నాం. మర్నాడు పొద్దున ఆయన కోడలు ఉలవల గిన్నె, రెండు గుడ్లు పట్టుకొచ్చింది. వెనకాల చిన్నోడి తాడు పట్టుకుని బాబాయే నిలబడ్డాడు. తాడు నా చేతిలో పెట్టి పోయాడు.

అట్టా మాఘమాసమంతా నేనూ ఆ ఎద్దూ కలిసి కోలుకున్నాం. కాలువ గట్టు మీద మొదటి రోజు తుమ్మచెట్ల దాకా పోలేక తిరిగొచ్చాం. అది కుంటుతుంది, నేను రొప్పుతాను. నేను ఆగితే అది ఆగి గడ్డి కొరుకుతుంది, అది ఆగితే నేను కూర్చుంటాను. బడికిపోయే ఆడపిల్లలు కూడా మమ్మల్ని దాటి పోయేవాళ్ళు. అవమానంగా ఉండేది. చిన్నోడికి లేదు. దాన్ని చూసి నేనూ సిగ్గు మానేశాను. తర్వాత దున్నిన మెత్తటి చేలో నడిచాం. పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయేవి. జాన్ బీ నువ్వులనూనె కాచి మర్దన చేస్తూ, "ఎడ్ల పేరెత్తొద్దన్నా, ఇప్పుడు ఎద్దుతో పాటు నిన్నూ మేపుతన్నా," అని తనను తానే తిట్టుకునేది.

ఒకరోజు చేను మధ్యలో, ఏం చూసి బెదిరిందో, చిన్నోడు ఉన్నట్టుండి పరుగందుకుంది. తాడు నా చేతికి చుట్టి ఉంది. ఆలోచించే లోపలే నా కాళ్ళు కదిలాయి. చేను చివరిదాకా పరిగెత్తాం. ఆగాక గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది, డొక్క లాగింది. కానీ ఊపిరి తిరిగొచ్చింది. మెల్లగా, తనంతట తనే తిరిగొచ్చింది. ఎద్దు మెడ పట్టుకుని గట్టిగా అరిచాను. పక్కచేలో పత్తి తీసే ఆడవాళ్ళు పామనుకుని లేచారు.

మంచాన పడి లేచి మళ్ళీ ఒళ్ళు వంచి పనిచెయ్యాలనుకునేవాళ్ళకు ఒక మాట చెబుతాను. "ఏం కాదు, లేచి పరిగెత్తు" అనేవాణ్ణి నమ్మకండి. "ఇంక నీ పని అయిపోయింది, పడుకో" అనేవాణ్ణి అసలే నమ్మకండి. ఇద్దరికీ మీ ఊపిరి వినపడదు. మీకు వినపడుతుంది.

శివరాత్రికి ముందు పేట డాక్టరుకు మళ్ళీ చూపించుకున్నాం. ఆయన వీపు మీద తట్టి, ఈసారి నవ్వకుండా అడిగాడు. "మళ్ళీ పరిగెత్తుతావా?"

"పరిగెత్తుతా సార్."

"నీకు ఆగాలనిపించినప్పుడు ఆగగలిగే పరుగైతే రోజూ పరిగెత్తు. ఎడ్లతో వద్దు. అవి నీ కోసం ఆగవు. వచ్చే చలికాలం దాటాక చూద్దాం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ నేను ఆశ పెట్టుకున్నది శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరణాల పోటీల మీద. దానికే నడిచాను, దానికే బూరలు ఊదాను. సరే, బాబాయికి చెప్పి ఒప్పిద్దాం, నా జాగా వచ్చే ఏటికి ఉంచమందాం అనుకుని ఇంటికి పోకుండా నేరుగా ఆయన దగ్గరకే పోయాను.

నేను నోరు తెరిచే లోపల ఆయనే చెప్పాడు. "ఒరేయ్, చిన్నోణ్ణి ఈ ఏడు కొండకు తోలడం లేదురా. నిన్న చిన్నబండ కట్టి చూశా. లాగుతుంది గానీ, చివర్లో ఊపిరి బరువుగా తీస్తంది. మనసొప్పలేదు. వచ్చే ఏడు చూద్దాం."

"మంచిమాట బాబాయ్," అన్నాను. నిజంగానే మంచిమాట. నాకూ అదే చెబుతాడని ఎదురుచూశాను.

"నువ్వు మాత్రం సాంబయ్య వాళ్ళ జతకు తోలాల. కొండ పోటీల్లో జతకు రెండు పక్కలా మనుషులుండాల, సాంబయ్యకు తోడు ఇంకో మనిషి లేడు. పండక్కి వాళ్ళు మనకు ఎద్దునిచ్చారు, మనం మనిషిని ఇస్తామని మాటిచ్చా."

ఆ మాట చెవిలో పడ్డాక కొంతసేపు నాకు కొట్టం తప్ప ఏమీ కనపడలేదు. ఎద్దుకు బదులు మనిషి. నెమ్ము చేసినప్పుడు రాని కోపం, తాగాడన్నప్పుడు రాని కోపం అంతా ఒక్కసారి వచ్చింది.

"నన్నడిగారా బాబాయ్?"

"నిన్నడిగేదేందిరా? లేచి తిరుగుతన్నావుగా. మొన్న చేలో ఉరికావంటగా, ఆడోళ్ళు చెప్పారు."

"చిన్నోడు బండ కూడా లాగింది. అయినా ఆపారుగా. దాని ఊపిరి చూసి ఆపారు. నా ఊపిరి ఎవరు చూశారు? డాక్టరు వద్దన్నాడు. నేను తోలను."

"మాటిచ్చాన్రా. నా పరువు?"

"ఇచ్చింది మీ మాట. ఊపిరి నాది."

ఆయన ముందు అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన కూడా అంతకుముందు అట్టాంటి మాట విని ఉండడు. "అయితే ఇంక నా ఎడ్ల జోలికి రామాక," అన్నాడు. నేను లేచి వచ్చేశాను. చిన్నోడు తాడు లాగి నా వైపు చూసింది. దాని దగ్గరకు పోతే మనసు మారుతుందని పోలేదు.

అయినా తిరణాలకు వెళ్ళాను. జాన్ బీని తీసుకుని వెళ్ళాను. పోటీలు ఇంకా మొదలు కాలేదు. బరి శుభ్రం చేసి, నీళ్ళు చల్లి, గట్ల పక్కన తాళ్ళు కట్టారు. మైకు సెట్టువాడు హలో హలో అంటున్నాడు. సాంబయ్య వాళ్ళ ఎడ్లకు పసుపు రాస్తున్నాడు. వాడికి తోడు వాళ్ళ ఊరివాడే ఇంకొకడు దొరికాడు. నన్ను చూసి తలూపాడు. బాబాయి సాంబయ్య వాళ్ళ ఆసామి పక్కన కుర్చీలో కూర్చుని, నన్ను చూడనట్టు చూశాడు. ఖాళీ బరి ఎదురుగా ఉంది. మెత్తగా, తడిగా. నేను చెప్పులు విప్పి జాన్ బీ చేతికిచ్చాను. ఆమె ఎందుకని అడగలేదు. "రొప్పితే ఆగు," అంది, అంతే.

తాడు కింద నుంచి దూరి పరిగెత్తాను. పక్కన ఎడ్లు లేవు, బండ లేదు, చేతిలో చెర్నాకోల లేదు. నా అడుగుల చప్పుడు నాకే వినపడుతోంది. ఆ చివరకు పోయి, ఒక్క క్షణం నిలబడి ఊపిరి చూసుకుని, వెనక్కి తిరిగాను. గట్ల మీద జనం నవ్వడం మొదలుపెట్టారు. "ఎడ్లు యాడ మర్చిపోయావురా?" అని ఎవరో అరిచారు. మైకులో గరగరమంది.

"బరిలో ఊరికే పరిగెత్తే మనిషి బయటికి రావాల. ఎవరి తాలూకు మనిషివయ్యా నువ్వు? ఏ జత తాలూకు?"

బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. జవాబు చెప్పబోయాడు. ఆయన నోట్లోంచి మాట రాకముందే, బరి మధ్యలో నిలబడి, గొంతు నిండా నేనే అరిచాను.

"ఎవరి తాలూకూ కాదు. నా పేరు మస్తాన్ వలి. చలికాలమంతా మంచంలో ఉండి లేచొచ్చా. ఇంకొక్క మారు పరిగెత్తి నేనే పోతా."

మైకు మళ్ళీ గరగరమంది. తర్వాత, "సరే, కానీ," అంది.

పరిగెత్తాను.